మానేసిన సర్వీసుల దగ్గర మిగిలిపోయిన మీ డేటా: ఎవరు ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు, ఎలా తీయించాలి

పీజీ ఖాళీ చేసినా ఓనరు ఫోన్లో మన ఆధార్ ఫొటో ఉండొచ్చా? జిమ్ మానేసి రెండేళ్లయింది, ఇంకా ఆఫర్ అంటూ ఫోన్లు చేస్తున్నారు, ఎలా ఆపాలి? లోన్ మొత్తం కట్టేశాను, ఆ యాప్ వాళ్లు నా పాన్ ఎన్నాళ్లు దాచుకుంటారు? బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మనవాళ్ల నుంచి, ముఖ్యంగా ఉద్యోగం మారి హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్లిపోతున్నవాళ్ల నుంచి ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

"నా డేటా మొత్తం డిలీట్ చేయండి" అని ఒక్క లైను మెయిల్ పెడితే దాదాపు ఎప్పుడూ పని జరగదు. కొంత డేటాను కొన్నేళ్లు ఉంచమని చట్టమే కంపెనీలకు చెబుతుంది. ఆ కొంత భాగాన్ని చూపించి వాళ్లు మీ మెయిల్ మొత్తాన్నీ పక్కన పడేస్తారు. అందుకని మూడు ముక్కలుగా అడగాలి. చట్టం కోసం ఏది ఉంచుతున్నారు, ఏ చట్టం కింద, ఏ తేదీ వరకు? మిగతాది చెరిపేయండి. ఉంచిన దాన్ని ఇంకే పనికీ వాడకండి. ఉంచుకునే హక్కు ఉన్నంత మాత్రాన వాడుకునే హక్కు రాదు. చాలామంది ఈ మూడో ముక్క అడగడం మర్చిపోతారు, ఫోన్లు ఆగకపోవడానికి కారణం అదే.

చట్టం గురించి క్లుప్తంగా: డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. అయితే కంపెనీల మీద పడే అసలు బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు, అంటే నోటిఫికేషన్ ప్రకారం 2027 మేలో అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన రూల్స్ ఉన్నాయి. పాస్‌వర్డులు, బ్యాంకు, కార్డు వివరాలు, ఆరోగ్య సమాచారం, వేలిముద్రల లాంటి సున్నితమైన డేటాను అవసరం తీరాక ఉంచుకోకూడదని, ఫిర్యాదును గ్రీవెన్స్ ఆఫీసర్ (కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారి) నెలలోపు పరిష్కరించాలని అవి చెబుతాయి. పెద్ద కంపెనీలు చాలావరకు కొత్త చట్టానికి ఇప్పటికే సిద్ధమవుతున్నాయి కాబట్టి మెయిల్‌లో రెండింటినీ ప్రస్తావించండి.

కావాల్సినవి

- ఆ కంపెనీ దగ్గర రిజిస్టర్ చేసిన మెయిల్, ఫోన్ నంబరు రెండూ పనిచేస్తూ ఉండాలి. బెంగళూరు నంబరు వదిలేద్దామనుకుంటుంటే ఈ పని పూర్తయ్యేదాకా ఆగండి. వదిలేసిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ తర్వాత మీ ఓటీపీలు వాళ్లకు వెళ్తాయి.
- కస్టమర్ ఐడీ లేదా ఏదైనా పాత బిల్లు.
- సర్వీసు ముగిసిన తేదీకి రుజువు: అకౌంట్ మూసేసినట్టు వచ్చిన మెయిల్, నో డ్యూస్ సర్టిఫికెట్, రూటరు తిరిగిచ్చిన రసీదు.
- తేదీలు రాసుకోవడానికి ఒక షీట్. కంపెనీ పేరు, మెయిల్ పంపిన రోజు, టికెట్ నంబరు, వాళ్లు చెప్పిన గడువు. నాలుగైదు కంపెనీలు దాటితే ఇది లేకుండా తలనొప్పే.

1. ముందు మీ కాగితాలు దించుకోండి

డేటా చెరిపేశాక మీక్కూడా దొరకదు. బిల్లులు, స్టేట్‌మెంట్లు, వడ్డీ సర్టిఫికెట్, టీడీఎస్ కాగితాలు, వారంటీ ఉన్న వస్తువుల ఇన్‌వాయిస్‌లు ముందే దించి పెట్టుకోండి.

హెచ్చరిక: ఆ కంపెనీతో గొడవ నడుస్తుంటే, ఉదాహరణకు పీజీ అడ్వాన్స్ రావాల్సి ఉన్నా, రీఫండ్ పెండింగ్‌లో ఉన్నా, డేటా తీసేయమని అడగకండి. మీ సాక్ష్యాన్ని మీరే చెరిపించుకున్నట్టవుతుంది. డబ్బు చేతికొచ్చాకే ఈ పని మొదలుపెట్టండి.

ఆసుపత్రి విషయంలో నా సలహా పూర్తిగా రివర్స్. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలని వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతాయి. రోగి అడిగితే 72 గంటల్లో కాపీలు ఇవ్వాలి కూడా. కాబట్టి ఊరు మారేముందు ఆ కాపీలు తీసుకోండి, డిలీట్ సంగతి తర్వాత.

2. డబ్బు పోయే దారులు మూసేయండి

యూపీఐ యాప్‌లో ఆటోపే మ్యాండేట్లు (డబ్బు దానంతటదే కట్ అయ్యేలా ఇచ్చిన అనుమతులు), బ్యాంకులో ఈఎంఐ కోసం ఇచ్చిన మ్యాండేట్లు చూసి రద్దు చేయండి. వాలెట్‌లో మిగిలిన డబ్బు ఖాళీ చేయండి. కార్డు విషయంలో కాస్త ఊరట ఉంది: 2022 అక్టోబరు 1 నుంచి షాపింగ్ సైట్లు మీ కార్డు పూర్తి నంబరు దాచకూడదు, దాని బదులు టోకెన్ (కార్డు నంబరు స్థానంలో వాడే కోడ్) మాత్రమే ఉంటుంది. ఆ టోకెన్‌ను సైట్‌లోనో మీ బ్యాంకు యాప్‌లోనో తీసేయొచ్చు.

3. ఎవరు ఎన్నాళ్లు ఉంచుకోవచ్చో తెలుసుకోండి

ఈ మెట్టు మీద కాస్త సమయం పెట్టండి. జవాబులో వాళ్లు చెప్పే గడువు నిజమో కాదో తేల్చుకోవడానికి మీ దగ్గర ఉండే కొలబద్ద ఇదే.

బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకు కాని లోన్ సంస్థలు): మనీ లాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం కేవైసీ పత్రాలను అకౌంట్ మూసిన తర్వాత ఐదేళ్లు, లావాదేవీల రికార్డులను ఆ లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదేళ్లు ఉంచాలి. ఇక్కడ బేరం లేదు. లోన్ తీరిన మర్నాడే పాన్ తీసేయమంటే తీయరు, తీయకూడదు కూడా.

లోన్ యాప్‌లు: లోన్ ఇచ్చింది బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీయో, మధ్యలో ఉన్న యాప్ వేరు. చాలామంది రెండింటినీ ఒకటే అనుకుంటారు. రిజర్వ్ బ్యాంకు డిజిటల్ లెండింగ్ నిబంధనల ప్రకారం యాప్ మీ కాంటాక్టులు, కాల్ లాగ్, గ్యాలరీ జోలికి వెళ్లకూడదు. పేరు, చిరునామా, ఫోన్ లాంటి కనీస వివరాలు తప్ప ఏమీ దాచకూడదు. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకుని డేటా చెరిపేయమనే అవకాశం మీకు ఇవ్వాలి. కాబట్టి రెండు మెయిళ్లు వేరువేరుగా పెట్టండి. ఐదేళ్ల కారణం చెప్పాల్సింది లోన్ ఇచ్చిన సంస్థ. యాప్ కూడా అదే కారణం చెబితే, ఏ రికార్డు, ఎవరి తరఫున ఉంచుతున్నారో అడగండి.

క్రెడిట్ బ్యూరోలు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ మీ లోన్ చరిత్రను కనీసం ఏడేళ్లు ఉంచుతాయి. లోన్ తీరింది కదా అని ఆ వరుస తీసేయమనకండి. టైముకు కట్టిన లోన్ అక్కడ ఉండటం మీకే మంచిది. అక్కడ చూడాల్సింది ఒక్కటే, "క్లోజ్డ్" అని పడిందా లేదా.

మొబైల్, బ్రాడ్‌బ్యాండ్: కాల్ రికార్డులు, ఇంటర్నెట్ వాడకం లాగ్‌లు కనీసం రెండేళ్లు. 2021 డిసెంబరుకు ముందు ఇది ఏడాదే. రికార్డులంటే ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు అన్న వివరాలు, మాటలు కాదు.

షాపింగ్, ఫుడ్ డెలివరీ, క్యాబ్ యాప్‌లు: బిల్లులను జీఎస్టీ చట్టం కింద వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు, కంపెనీల చట్టం కింద లెక్కల పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. కానీ ఇది బిల్లుకు సంబంధించింది. మీరు ఏ రాత్రి బిర్యానీ కోసం వెతికారు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్ నుంచి ఎక్కడికి క్యాబ్ ఎక్కారు అన్న లొకేషన్ చరిత్రకు ఏ జీఎస్టీ చట్టమూ అడ్డు రాదు. "టాక్స్ కారణాల వల్ల" అని మొత్తానికీ ఒకే జవాబు వస్తే సరిగ్గా ఇక్కడ పట్టుకోండి.

కొత్త రూల్స్‌లో ఈ రకం కంపెనీలకు ఇంకో గడువు ఉంది. 2 కోట్లు, ఆపైన రిజిస్టర్డ్ యూజర్లున్న ఈ-కామర్స్, సోషల్ మీడియా సంస్థలు, 50 లక్షలు, ఆపైన ఉన్న ఆన్‌లైన్ గేమింగ్ సంస్థలు, మీరు మూడేళ్లు వాటి గడప తొక్కకపోతే మీ డేటా చెరిపేయాలి. అంతకు 48 గంటల ముందు మీకు చెప్పాలి. ఆ నోటీసు చూసి కంగారుపడి లాగిన్ అయితే మూడేళ్ల లెక్క మళ్లీ మొదలవుతుంది. డేటా పోవాలనుకుంటే ఊరకే ఉండండి.

ఎంత చెరిపినా ఒక మిగులు ఉంటుందని కూడా తెలుసుకోండి. సోషల్ మీడియా లాంటి మధ్యవర్తి సైట్లు అకౌంట్ మూశాక రిజిస్ట్రేషన్ వివరాలను 180 రోజులు ఉంచాలని 2021 ఐటీ రూల్స్ చెబుతున్నాయి. కొత్త డేటా రూల్స్ అమల్లోకి వచ్చాక అన్ని కంపెనీలూ ప్రాసెస్ చేసిన డేటాను, లాగ్‌లను ప్రభుత్వ అవసరాల కోసం కనీసం ఏడాది ఉంచాలి. డేటా రక్షణ చట్టమే డేటా ఉంచమనడం ఏమిటని మీకు అనిపిస్తే, నాకూ అలాగే అనిపించింది.

జిమ్, కోచింగ్ సెంటర్, పెళ్లి సంబంధాల సైట్, ఫ్లాట్ బ్రోకర్: బిల్లు తప్ప మిగతాది ఏళ్ల తరబడి ఉంచమనే ప్రత్యేక చట్టం వీళ్లకు లేదు. ఇక్కడ మీరు గట్టిగా అడగొచ్చు.

4. పీజీ, జిమ్ పని ఊరు వదలకముందే, నేరుగా

వీళ్లకు గ్రీవెన్స్ ఆఫీసరూ ఉండడు, మెయిల్‌కు జవాబూ రాదు. సామాను సర్దే రోజే తేల్చుకోవాలి.

పీజీ ఓనరు, పోలీసులు అడిగితే చూపించాలి అంటాడు. అది అబద్ధం కాదు, గెస్టుల వివరాలు పెట్టుకోవాల్సిందే. బీబీఎంపీ (అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ) 2024లో ఇచ్చిన పీజీ మార్గదర్శకాల్లో సీసీటీవీ ఫుటేజ్ కూడా 90 రోజులు ఉంచమన్నారు. కానీ మీ ఆధార్ ఫొటో ఓనరు, వార్డెన్, వంటమనిషి ఉన్న వాట్సాప్ గ్రూపులో ఉండాల్సిన పని లేదు. "అన్నా, రిజిస్టర్‌లో జిరాక్స్ ఉంచుకోండి, ఫోన్లో ఉన్నది తీసేయండి" అని ఎదురుగా ఉండి తీయించండి. మీరు పంపిన ఫొటోను మీ వైపు నుంచి డిలీట్ చేస్తే సరిపోదు, ఆయన గ్యాలరీలో సేవ్ అయి ఉంటుంది. అక్కడ కూడా చూడమనండి.

కొత్త చట్టం డిజిటల్ డేటాకే వర్తిస్తుంది. రిజిస్టర్‌కు అంటించిన జిరాక్స్ దాని కిందికి రాదు, స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెడితే వస్తుంది. అందుకే జిరాక్స్ ఇచ్చేటప్పుడే దాని మీద అడ్డంగా "ఫలానా పీజీ కోసం మాత్రమే", తేదీ రాసి సంతకం చేయండి. ఇంకా మంచిది, మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం. ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు.

జిమ్‌లో వేలిముద్ర హాజరు మిషన్ ఉంటే చివరి రోజు దాని నుంచి మీ పేరు తీయించండి. తీశాక వేలు పెట్టి చూడండి, మిషన్ గుర్తుపట్టకూడదు. పని జరిగిందని అక్కడికక్కడే తెలిసిపోయే పరీక్ష ఇదొక్కటే.

5. యాప్‌లోంచి అకౌంట్ డిలీట్ చేయండి

ఫోన్లోంచి యాప్ తీసేస్తే అకౌంట్ పోదు. అందరూ చేసే తప్పు ఇదే. సెట్టింగ్స్, ప్రొఫైల్, ప్రైవసీ అన్న చోట్ల "డిలీట్ అకౌంట్" వెతకండి. ఆపిల్ 2022 జూన్ 30 నుంచి, గూగుల్ ఆ తర్వాత, అకౌంట్ తెరిపించే యాప్‌లన్నీ దాన్ని చెరిపే దారి కూడా ఇవ్వాలని నియమం పెట్టాయి. యాప్‌లో కనబడకపోతే ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి "డేటా సేఫ్టీ" భాగంలో డిలీట్ లింకు చూడండి. యాప్ ఫోన్లో లేకపోయినా అది పనిచేస్తుంది.

"డీయాక్టివేట్" నొక్కితే అకౌంట్ నిద్రపోతుంది, అంతే. "డిలీట్" నొక్కాక కూడా చాలా యాప్‌లు కొన్ని వారాల గడువు పెడతాయి. ఈలోగా పోయిందో లేదో చూద్దామని లాగిన్ అయ్యారంటే అభ్యర్థన రద్దయిపోవచ్చు.

6. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ రాయండి

చాట్‌లో అడిగితే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని వస్తుంది, టికెట్ మూసేస్తారు. కంపెనీ సైట్ అడుగున ప్రైవసీ పాలసీ తెరిచి "గ్రీవెన్స్" అని వెతకండి. పేరో హోదాయో, మెయిల్, చిరునామా ఉంటాయి. స్టార్టప్ అయితే ఆ చిరునామా కోరమంగళలోనో అవుటర్ రింగ్ రోడ్డు మీదో, మీ ఇంటికి కూతవేటు దూరంలోనే ఉండొచ్చు. అయినా వెళ్లకండి. రిసెప్షన్ దాటి ఎవరూ రానివ్వరు, రాతపూర్వకంగా రుజువు కూడా మిగలదు.

రిజిస్టర్ చేసిన మెయిల్ నుంచే పంపండి. ఇంగ్లీషులో రాస్తే త్వరగా కదులుతుంది. సారాంశం ఇలా ఉండాలి:

"విషయం: సమ్మతి ఉపసంహరణ, పాత కస్టమర్ డేటా తొలగింపు.
నా కస్టమర్ ఐడీ ఇది. ఫలానా తేదీన నా సర్వీసు ముగిసింది. బాకీలు లేవు, రుజువు జతచేశాను.
ఒకటి: నా గురించి మీ దగ్గర ఏయే రకాల డేటా ఉంది, ఎవరెవరికి ఇచ్చారో తెలపండి.
రెండు: చట్టం ప్రకారం ఉంచాల్సినవి ఉంటే, ఒక్కోదానికి చట్టం పేరు, గడువు ముగిసే తేదీ చెప్పండి.
మూడు: మిగతా డేటాను మీ దగ్గర, మీ తరఫున పనిచేసే ఏజెన్సీల దగ్గర చెరిపేసి, పూర్తయిన తేదీ రాసి పంపండి.
నాలుగు: మార్కెటింగ్‌కు ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకుంటున్నాను. నన్ను సంప్రదించకూడదని గుర్తు పెట్టడానికి తప్ప నా నంబరు వాడవద్దు."

నాలుగో లైను చివరి మాట ఎందుకంటే, నంబరు పూర్తిగా చెరిపేస్తే రేపు ఎక్కడో కొన్న లిస్టులోంచి అదే నంబరు మళ్లీ వాళ్ల దగ్గరికొస్తుంది. "ఫోన్ చేయకూడని నంబర్లు" జాబితాలో ఉంటేనే ఆగుతుంది.

గుర్తింపు కోసం ఆధార్ కాపీ పంపమంటే పంపకండి. డేటా తీయమని అడిగి ఇంకో డేటా ఇవ్వడం ఏమిటి! రిజిస్టర్డ్ నంబరుకు ఓటీపీ పంపి నిర్ధారించుకోమని రాయండి. తప్పదంటే మాస్క్‌డ్ ఆధార్, దాని మీద కారణం, తేదీ రాసి పంపండి.

స్నేహితుడి తరఫున మీరే అతనిలా మెయిల్ రాయడం, లేనిపోని ఫిర్యాదు పెట్టడం వద్దు. కొత్త చట్టంలో దానికి మనమీద కూడా 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది.

7. జవాబును చదవడం

"మా పాలసీ ప్రకారం ఉంచుతాం" అంటే అది జవాబు కాదు, పాలసీ చట్టం కాదు. చట్టం పేరు అడుగుతూ అదే థ్రెడ్‌లో తిరిగి రాయండి. "వ్యాపార అవసరాల కోసం" అన్నా అంతే. "బ్యాకప్‌లలో కొంతకాలం ఉంటుంది" అంటే మాత్రం నమ్మొచ్చు, నిజంగానే బ్యాకప్ నుంచి ఒక్కరి డేటా తీయడం కష్టం. ఆ బ్యాకప్ ఎన్ని రోజులకు మారుతుందో అడిగి రాసుకోండి. "పేర్లు తీసేసి లెక్కల కోసం ఉంచుతాం" అన్నా, మిమ్మల్ని గుర్తుపట్టే ఆధారం లేనంతవరకు ఇబ్బంది లేదు.

నెల రోజులు ఆగండి. కొత్త రూల్స్ అమల్లోకి వచ్చాక కంపెనీకి గరిష్ఠంగా 90 రోజులు ఉంటుంది.

8. నిజంగా పోయిందా, చూసుకోండి

గడువు దాటాక లాగిన్ పేజీలో "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కి మీ మెయిల్ ఇవ్వండి. అకౌంట్ లేదని రావాలి. కొన్ని సైట్లు భద్రత కోసం అందరికీ ఒకే సందేశం చూపిస్తాయి. అప్పుడు రీసెట్ మెయిల్ వచ్చిందో లేదో చూడండి. ఫోన్ నంబరుతో కూడా ఇదే చేయండి, ఒకే కంపెనీలో మెయిల్‌తో ఒకటి, నంబరుతో ఒకటి రెండు అకౌంట్లు ఉండటం మామూలే. అయితే ఓటీపీతోనే లాగిన్ అయ్యే యాప్‌లో నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే కొత్త అకౌంట్ తెరుచుకుంటుంది. అక్కడ ఈ పరీక్ష వద్దు.

లోన్ అయితే క్రెడిట్ రిపోర్టు చూడండి. ఒక్కో బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. ఉడాయ్ సైట్‌లో మీ ఆధార్‌ను గత ఆరు నెలల్లో ఎక్కడెక్కడ ధ్రువీకరించారో కనిపిస్తుంది. మానేసిన కంపెనీ పేరు అక్కడ కొత్తగా కనబడితే వెంటనే ప్రశ్నించండి.

ఇకముందు కొత్త అకౌంట్ తెరిచేటప్పుడు జీమెయిల్ చిరునామాలో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి కంపెనీ పేరు చేర్చండి. మెయిల్ మీకే వస్తుంది, ఎవరు లీక్ చేశారో చిరునామాలోనే తెలిసిపోతుంది.

9. పలకకపోతే ఎక్కడికి వెళ్లాలి

బ్యాంకు, ఎన్‌బీఎఫ్‌సీ అయితే ఫిర్యాదు చేసి 30 రోజులు దాటాక రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల సైట్ సీఎంఎస్ పోర్టల్‌లో అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి) పెట్టొచ్చు, ఖర్చు లేదు. మిగతా కంపెనీల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మార్కెటింగ్ ఫోన్లు, మెసేజ్‌లైతే 1909కు గానీ ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి, ఆలస్యమైతే తీసుకోరు. మీ వివరాలతో మోసం జరిగితే మాత్రం ఈ మెయిళ్లన్నీ పక్కనపెట్టి ముందు 1930కు ఫోన్ చేయండి.

డేటా ప్రొటెక్షన్ బోర్డుకు వెళ్లే దారి 2027 మే తర్వాత తెరుచుకుంటుంది. అక్కడికి కూడా ముందు కంపెనీకి రాసి, జవాబు కోసం ఆగామని చూపించాలి. కాబట్టి ఇప్పుడు పంపే మెయిళ్లు, వచ్చిన జవాబులు ఒక ఫోల్డర్‌లో పెట్టండి. బ్యాంకు ఐదేళ్ల తేదీ చెబితే దాన్ని ఫోన్ క్యాలెండర్‌లో వేసుకుని, ఆ రోజు అదే థ్రెడ్‌లో "గడువు ముగిసింది, చెరిపేశారా?" అని ఒక్క లైను రాయండి.